నాలుగో బొమ్మ

కృపామణి ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే "ల్యాబులో" అని ఊరుకుంటుంది. అంతకంటే వివరంగా చెప్తే ఎదుటివాళ్ళు చేతిలో ఉన్న టిఫిన్ ప్లేటు కింద పెట్టేస్తారు. పదకొండేళ్ళుగా ఆవిడ పని పసిపిల్లల దొడ్డి చూడటం. చూడటం, డబ్బాల్లో పెట్టించటం, ఐసులో తెప్పించటం, అందులో ఏ వైరస్ ఉందో మిషన్ చేత చెప్పించటం. కొల్లేటి లంకల్లో ఆవిడ పడవ దిగితే చాలు, "దొడ్డి డాక్టరమ్మ వచ్చిందర్రోయ్" అని ఒడ్డున బట్టలుతుక్కునే ఆడవాళ్ళు నవ్వేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు మండటానికి కూడా ఓపిక లేదు.

ల్యాబంటే అద్దాల మేడేం కాదు. ఆకివీడు దాటాక మూతబడిన ఐసు ఫ్యాక్టరీ పై అంతస్తు. చేపల వాసన ఆ గోడల్ని వదిలిపెట్టలేదు. "మనం తెచ్చే సరుక్కంటే ఆ వాసనే నయం కదమ్మా" అనేవారు భుజంగరావు గారు. ల్యాబుకి పెద్దాయన. అరవై దాటాయి, రెండు మోకాళ్ళూ పోయాయి, పెళ్ళాం ఫోన్ చేస్తే ఎత్తటం మర్చిపోతారు. కావలిని కనిపెట్టింది ఆయనే.

కావలి కూడా వైరస్సే. పేగుల్లో మామూలుగా ఉండే సూక్ష్మక్రిముల్లో కాపురం పెడుతుంది. బయటి వైరస్ లోపలికొచ్చిందని తెలియగానే పేగుకి కబురు పంపుతుంది: నీళ్ళు వదలకు, పీల్చుకో. వచ్చినవాడిని గోడకి అంటుకోనివ్వదు కూడా. టీకాలకి లొంగని కొత్తరకాలు వచ్చి లంకల్లో పిల్లలు మళ్ళీ నీళ్ళ విరోచనాలతో పోతున్న రోజుల్లో, భుజంగరావు గారు పదహారేళ్ళు కూర్చుని దాన్ని తయారుచేశారు. నాలుక మీద ఒక్క తియ్యటి చుక్క. ఆ పైన అదే ఒక పిల్లనుంచి ఇంకో పిల్లకి పాకుతుంది.

ముందు వెలగలంకలోనూ దాని చుట్టుపక్కల పల్లెల్లోనూ వేశారు. తర్వాత పుట్టినవాళ్ళతో కలిపి ఆరువందల పన్నెండు మంది పిల్లలు, అందరూ చుక్క పడేనాటికి అయిదేళ్ళ లోపువాళ్ళు. అంతకుముందు ప్రతి వానాకాలంలో ఎనిమిది మందో పది మందో పోయేవారు. చుక్క వేశాక మూడు వానాకాలాలు గడిచాయి. ఒక్కరంటే ఒక్కరు పోలేదు. మూడో ఏడు "దొడ్డి డాక్టరమ్మ" అనటం మానేసి "మేడంగారు" అనటం మొదలుపెట్టారు. బొమ్మిడాయిల పులుసు డబ్బాలో పెట్టి పడవలోకి అందించేవారు.

వచ్చే సోమవారం నుంచి కొల్లేరు చుట్టూ అన్ని మండలాల్లోనూ వెయ్యాలి. నలభై రెండు వేల మంది పిల్లలు. దానికి కాగితం మీద రెండు సంతకాలు కావాలి. మందు సరైనదని భుజంగరావు గారు పెట్టేశారు. పల్లెల్లో రాసుకొచ్చిన సమాచారమంతా నిజమని పెట్టాల్సింది కృపామణి. శుక్రవారం పొద్దున ఆ కాగితం చేతిసంచీలో పెట్టుకుని తిరుగుతోంది. పెట్టేస్తే అయిపోయేది. పదకొండేళ్ళ పని మీద పెట్టే సంతకం కదా, కాస్త కుదురుగా కూర్చుని పెడదామనుకుంది. అంతలో ఏలూరు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది.

వెలగలంక నాంచారి కూతురు మోక్షిత. రెండున్నరేళ్ళది. పొట్ట ఉబ్బి, పచ్చగా వాంతులు చేసుకుంటుంటే తెచ్చారట. పేగు మడత పడింది, జానెడు కోసేశారట.

కృపామణి వెళ్ళేసరికి నాంచారి ఆసుపత్రి వసారాలో గోడకి జారబడి కూర్చుంది. పక్కన అత్తగారు అచ్చమ్మ. కోత కోసిన డాక్టరు కుర్రవాడు, నిద్ర లేని కళ్ళు.

"ఈ పిల్లకి నెలల తరబడి గట్టిగా వెళ్తూ ఉండాలమ్మా. పేగు కదలటం మానేసింది. లోపలంతా రాళ్ళే" అన్నాడు.

"లేదండీ. మేం రోజూ రాసుకుంటాం" అని కృపామణి మోక్షిత కార్డు తీసి చూపించింది.

కార్డు మీద ఏడు బొమ్మలుంటాయి. ఒకటోది మేకపెంటికలు. అక్కణ్ణుంచి మెత్తబడుతూ నాలుగోది అరటిపండు, ఆరోది ముద్దపప్పు, ఏడోది గంజి. దొడ్డి ఐసుపెట్టెలో ల్యాబుకి చేరేసరికి గట్టిదీ పల్చనిదీ తేడా పోతుంది కాబట్టి, అదెలా ఉందో తల్లే చెప్పాలి. పిల్ల వెళ్ళిన తీరు చూసి బొమ్మ మీద వేలు పెడితే అంగన్‌వాడీలో రాసుకుంటారు. మోక్షితకి మూడు నెలలుగా నాలుగు, నాలుగు, అయిదు, నాలుగు. ఇంతకంటే ముచ్చటైన కార్డు ఉండదు.

డాక్టరు దానివంక చూసి తిరిగిచ్చేశాడు. "మీ కార్డు సంగతి నాకు తెలీదు. నేను నా చేత్తో తీశాను" అని వెళ్ళిపోయాడు.

కృపామణి నాంచారి పక్కన నేలమీద కూర్చుంది.

"నిజం చెప్పు నాంచారీ. ఏ బొమ్మలా వెళ్ళేది?"

"అరటిపండేనండి."

"డాక్టరుగారు రాళ్ళంటున్నారు."

నాంచారి తల వంచుకుంది. అచ్చమ్మ కసిరింది. "చెప్పవే! ఇంకా దాచి ఏం బావుకుంటావ్?"

"మేకపెంటికలండి" అంది నాంచారి. "ఎండాకాలం నుంచీ అంతే. మూడ్రోజులకోసారి, నాలుగ్రోజులకోసారి. మా అత్త ఆముదం పట్టించేది."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా? వారం వారం వచ్చానే!"

నాంచారి ఆవిడవంక విచిత్రంగా చూసింది. ఇంత చదువుకున్నావిడ ఇదేం ప్రశ్న అన్నట్టు. "బాగుందని ఎవరన్నా చెప్పుకుంటారాండీ? మీరొచ్చినప్పుడు పదిమంది చేరతారు. పక్కింటి పిల్లకింకా మెత్తగానే వెళ్తోంది. దాని తల్లి ముందు నా పిల్లకి ఇంత గట్టిగా వెళ్తోందని వేలు పెడితే దిష్టి కొట్టదాండీ? అందుకని మూడు బొమ్మలు దించి పెట్టేదాన్ని."

"గట్టిగా వెళ్ళటం బాగుండటమా?"

"కాదాండీ మరి?" అని ఈసారి అచ్చమ్మ అడిగింది. "నా కళ్ళముందు ముగ్గురు బిడ్డలు నీళ్ళై పోయారు. ముగ్గురు! నా మనవరాలికి గట్టిగా వెళ్తోందని అదీ నేనూ ఎంత సంబరపడ్డామో నీకేం తెలుసమ్మా? ఎవరికీ చెప్పుకోలేదు గానీ పెద్దింట్లమ్మకి దణ్ణం పెట్టుకున్నాం."

కృపామణి చేతిలో ఉన్న కార్డు మళ్ళీ చూసింది. నాలుగు, నాలుగు, అయిదు, నాలుగు.

ఆ సీమలో ఏ తల్లినైనా అడిగి చూడండి, పిల్లాడు బాగా తింటున్నాడా అని. "ఎక్కడండీ, మెతుకు ముట్టడు" అంటుంది, వాడు రెండో గిన్నె నాకుతూ ఉన్నా సరే. నిద్రపోతున్నాడా అంటే "కన్ను మూస్తే ఒట్టు" అంటుంది. బాగున్నదాన్ని బాగుందని పైకి అనరు. కృపామణి పుట్టింది అక్కడికి రెండు లంకల అవతల. ఆవిడా అంతే. చర్చికి వెళ్ళేవాళ్ళం, మనకి దిష్టేమిటి అని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా, తన కొడుకు బొద్దుగా ఉన్న రోజుల్లో ఎవరు పలకరించినా "చిక్కిపోయాడండీ" అనే అన్నది. ఆ పిల్లాడు పద్నాలుగో నెలలో రెండు రోజుల విరోచనాలకి పోయాడు. ఆ తర్వాత ఆవిడకి పిల్లలు లేరు. ఈ ఉద్యోగంలో చేరింది అందుకే.

అంత తెలిసిన మనిషి, "మీ బిడ్డకి ఎలా వెళ్తోందో బొమ్మ మీద వేలు పెట్టండి" అని పదిమంది మధ్య తల్లుల్ని అడగమని తన చేత్తోనే రాసిచ్చింది. పైనుంచి ఈ బొమ్మల చార్టు పంపించినవాళ్ళకి తెలియదంటే అర్థముంది. ఈవిడకి తెలుసు. బొత్తిగా తెలిసిన సంగతి కాబట్టే ఎప్పుడూ తట్టలేదు. తనమీద తనకి అసహ్యం వేసింది.

శనివారం పొద్దున్నే వెలగలంక అంగన్‌వాడీకి వెళ్ళింది. ముప్ఫై మంది తల్లులు చేరారు. మోక్షితకి కోత పడిన సంగతి ఊరంతా పాకింది. అందరి మొహాలూ బిక్కచచ్చి ఉన్నాయి. కృపామణి చార్టు గోడకి తగిలించి, ఏమీ దాచకుండా చెప్పండమ్మా, దేవుడి తోడు, అని బతిమాలింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి అరటిపండు మీద వేలు పెట్టారు. ఒకావిడైతే ముద్దపప్పు మీద పెట్టి, పక్కావిడవంక ఓరగా చూసి వెళ్ళి కూర్చుంది.

కృపామణికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చార్టు మడిచి చంకలో పెట్టుకుని కుర్చీలో కూలబడింది.

"సరే, బొమ్మలొద్దు. బాగున్న సంగతులేమీ నాకు చెప్పొద్దు. కష్టాలు చెప్పండి. ఎవరి పిల్లలు ఏం బాధపెడుతున్నారో చెప్పండి."

ఇంక చూడాలి. కష్టాలు చెప్పుకోవటానికి దిష్టి అడ్డు లేదు కదా!

"మావాడు పీట పట్టుకుని ముక్కీ ముక్కీ చచ్చిపోతాడండీ."

"మీవాడు నయం. మాది కూర్చోటానికే ఏడుస్తుంది. వెళ్ళి అయిదు రోజులైందండి."

"నెత్తురు చారొస్తోందమ్మా మా చిన్నదానికి. సబ్బుముక్క పెట్టి తీస్తన్నాం."

"మేకపెంటికలంటే మేకపెంటికలే! గిన్నెలో పడితే చప్పుడొస్తది."

ఎవరి కష్టం పెద్దదో తేల్చుకుందామన్నట్టు ఒకరి మీద ఒకరు పడ్డారు. కృపామణి రాసుకుంటూనే ఉంది. ఇప్పుడు ఈ వైపుకి పెంచి చెప్తున్నారని ఆవిడకి తెలుసు. అందుకని ప్రతి ఇంటికీ వెళ్ళి, పిల్లల్ని పడుకోబెట్టి, పొట్ట ఒత్తి చూసింది. వేళ్ళకి గట్టిగా ఉండలు తగిలాయి. ఆదివారం ప్రార్థన కూడా మానేసి, అంగన్‌వాడీ వాళ్ళని వెంటేసుకుని మిగతా పల్లెలు తిరిగింది. సాయంత్రానికి తేలింది. ఆరువందల పన్నెండు మందిలో రెండువందల నలభై మందికి పైగా ఒకటో బొమ్మ. నాలుగో బొమ్మలో నిజంగా ఉన్నవాళ్ళు ఈమధ్య ఏడాదిలో పుట్టినవాళ్ళు మాత్రమే. చుక్క పడి ఎంతకాలమైతే అంత గట్టి. ఎంత గట్టిగా వెళ్తే తల్లులు అంతగా దాచారు.

ఐసు ఫ్యాక్టరీలో భుజంగరావు గారు ఒక్కరే ఉన్నారు. సోమవారం వెళ్ళాల్సిన చుక్కమందు పెట్టెలు గోడవారగా వరసగా సర్ది ఉన్నాయి. కృపామణి చెప్పినదంతా ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా విన్నారు. తర్వాత వెళ్ళి పిల్లల దొడ్డిలో కావలి ఎంతుందో చూపించే పాత లెక్కలు తీసి, ఆవిడ రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు.

"శత్రువు లేకపోయినా కబురు పంపిస్తోంది" అన్నారు చివరికి. "శత్రువొస్తే లేచి, పోతే పడుకోవాలి. అది పడుకోవటం మానేసింది. రోజూ నీళ్ళు పీల్చు, కదలకు, పీల్చు, కదలకు. ఎలకల్లో రెండేళ్ళు చూశానమ్మా. ఎలక బతికేదే రెండేళ్ళు. మూడో ఏడు ఏమవుతుందో ఎలక ఎలా చెప్తుంది?"

"మన పిల్లలు చెప్పారు సార్. మనమే వినలేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచింది అద్దాలో కళ్ళో కృపామణి చూడలేదు.

"విరుగుడుందిగా సార్?"

"ఉంది. అదీ చుక్కే. నాలుగు రోజుల్లో కావలి చచ్చిపోతుంది. దాంతోపాటు అదున్న క్రిములూ పోతాయి. పేగు బోసిగా అయిపోతుంది. మళ్ళీ మామూలు క్రిములు పట్టేదాకా, రెండు నెలలో ఏమో, పాతరోజుల్లో కంటే కూడా తేలిగ్గా విరోచనాలు పట్టుకుంటాయి." ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. మబ్బు పట్టి ఉంది. "ఇది ఆషాఢం. ఎండాకాలమైతే ఎంత బాగుండేది!"

"గట్టిగా వెళ్ళేవాళ్ళకి మాత్రమే వేస్తే?"

"మిగిలినవాళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ అంటుకుంటుంది. వేస్తే అందరికీ ఒకే రోజు వెయ్యాలి. ఒక్క పిల్లని వదిలినా వేసినట్టు కాదు."

కృపామణి మనసులో లెక్క వేసుకుంది. వెయ్యకపోతే ఏడాది రెండేళ్ళలో అందరూ మోక్షితలే. వానల్లో దారి మునిగాక పేగు మడత పడిన పిల్లని పడవలో వేసుకుని ఏలూరు దాకా ఎవరు తీసుకెళ్ళగలరు? వేస్తే ఈ వానాకాలంలోనే కొందరు పోతారు. ఏ ఇంట్లోనో తెలియదు. తెలిసేలోపు చుక్క పడిపోయి ఉంటుంది.

"వేద్దాం సార్" అంది.

సంచీలోంచి కాగితం తీసి, సంతకం పెట్టాల్సిన చోట "సమాచారం నిజం కాదు" అని రాసి ఆయన ముందు పెట్టింది. పదహారేళ్ళ పని అలా బల్లమీద పడి ఉంది. ఆయన దానివంక చూడకుండా, "టీ తాగుతారా అమ్మా?" అని అడిగారు. పాలు విరిగిపోయి ఉన్నాయి. నల్లటీయే తాగారు.

బుధవారం సన్నగా వాన. విరుగుడు చుక్క వెయ్యటానికి ఆరు పడవలు బయల్దేరాయి. వెలగలంకకి కృపామణే వెళ్ళింది. ఊరు ఊరంతా ఎదురు తిరిగింది.

"మూడేళ్ళు మా పిల్లలు చావకుండా ఉన్నారు. అది మీకు ఇష్టం లేదా?" అని ఒకాయన అడిగాడు. ఆ ప్రశ్నకి కోపం తెచ్చుకోవటం కృపామణి వల్ల కాలేదు. ఒక్కో గుమ్మంలో నిలబడి, ఒక్కో పిల్ల పొట్ట తల్లి చేతే తడిమించి, ఒప్పిస్తూ వచ్చింది. మధ్యాహ్నానికి గొంతు పోయింది.

నాంచారి ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. నాంచారి పెద్దది. చిన్నది వీరకుమారి, దాని కొడుకు జయంత్‌కి పదకొండు నెలలు. బుగ్గలు ఇంతేసి ఉన్నాయి. వీరకుమారి పిల్లాణ్ణి చంకనేసుకుని తలుపుకి అడ్డంగా నిలబడింది.

"మావాడికేం రోగమండీ? అరటిపండే. అక్క చెప్పినట్టు కాదు, నిజం అరటిపండే. ఒట్టు. మీరే చూశారుగా పొట్ట."

"చూశానమ్మా. వీడు బాగానే ఉన్నాడు."

"మరెందుకండీ?"

"వీడినుంచి మోక్షితకి మళ్ళీ వస్తుంది. వీడికీ రెండేళ్ళు పోతే మోక్షితలాగే అవుతుంది."

"రెండేళ్ళు పోయాక చూసుకుందారి. ఇప్పుడు వానల్లో తీసేస్తారా?"

ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కృపామణి గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది. బట్టలు తీసుకెళ్ళటానికి ఆసుపత్రి నుంచి వచ్చిన నాంచారి లోపలినుంచి వచ్చి తోడికోడలి భుజం మీద చెయ్యేసింది.

"వేయించవే వీరా. దాని పొట్ట మీద కోత చూశావుగా. అది నీళ్ళు నీళ్ళు అని ఏడుస్తుంటే గుక్కెడు పొయ్యొద్దన్నారే! నీకొద్దు ఆ బాధ. నా మాట విను."

"రోజూ వస్తాను" అంది కృపామణి. "వీడికి కాస్త తేడా చేసినా పడవ వేసుకుని వచ్చేస్తాను. పూచీ నాది."

వీరకుమారి చాలాసేపు అక్కవంకా ఆవిడవంకా మార్చి మార్చి చూసింది. చివరికి పిల్లాడి గడ్డం పట్టుకుని నోరు తెరిచింది. కృపామణి చుక్క వేసింది. అదీ తియ్యగానే ఉంటుంది. పిల్లాడు చప్పరించి, ఇంకోటి కావాలని చెయ్యి చాపాడు.

మూడోవారంలో మొదలయ్యాయి. శ్రావణం వచ్చేసరికి కొల్లేరు నిండి రోడ్లమీదికెక్కింది. ఊరూరా నీళ్ళ విరోచనాలు. కృపామణి ఇంటికెళ్ళటం మానేసింది. అంగన్‌వాడీలోనే వంట, అక్కడే పడక. ఓఆర్ఎస్ పొట్లాలు కలపటం, చెంచాతో పట్టించటం, ఎండిపోతున్నవాళ్ళని పడవెక్కించటం. భుజంగరావు గారు కూడా మోకాళ్ళ నొప్పులతో పడవ దిగి, బురదలో చతికిలబడి, ఎవరి పిల్లకో గంటసేపు చెంచాతో నీళ్ళు పట్టారు. వంద మందికి పైగా పడకేశారు. చెంచా నీళ్ళతోనే చాలామంది లేచి కూర్చున్నారు. మేకపెంటికల పిల్లలు మెల్లగా మెత్తబడ్డారు. వాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడుకోలేదు. బతికి ఉన్న పిల్లల గురించి ఏం మాట్లాడతారు?

నలుగురు పోయారు. అందులో జయంత్ రెండోవాడు.

కృపామణి మాటిచ్చినట్టు రోజూ వెళ్ళింది. శుక్రవారం పొద్దున మొదలైతే అరగంటలో అక్కడుంది. తనే ఒళ్ళో పెట్టుకుని పట్టింది. పట్టినదల్లా కక్కేశాడు. మధ్యాహ్నం పడవలో వేసుకుని బయల్దేరారు, ఎదురుగాలి. ఏలూరు చేరేటప్పటికి సూది గుచ్చటానికి నరం దొరకలేదు. శనివారం పొద్దున పోయాడు.

వాడి డబ్బా ఒకటి ల్యాబులో ఉండిపోయింది. ఎవరూ చెయ్యమనలేదు, అయినా కృపామణే దాన్ని మిషన్లో పెట్టింది. బయటి వైరస్ ఉంది. కావలి ఆనవాలు లేదు. మూడేళ్ళలో కావలి ఉన్న పిల్లల్లో ఒక్కరిలో కూడా ఆ వైరస్ కాలు మోపలేదు. ఆ కాగితం భుజంగరావు గారు కూడా చూశారు.

"ఆ ఇంటికి వెళ్ళకండమ్మా" అన్నారు. "వెళ్ళినా, వైరస్ బలమైంది, మన చేతిలో ఏమీ లేదు అనండి. అందరికీ ఆ మాటే చెప్దాం. అబద్ధం కూడా కాదు."

దినాలు అయ్యాక కృపామణి వెళ్ళింది. వాన తెరిపిచ్చింది. పెరట్లో మోక్షిత పొట్టకి గుడ్డ కట్టుకుని కోడిపిల్ల వెంట పరిగెడుతోంది. పిల్ల కాస్త చిక్కింది గానీ కళ్ళు తేటగా ఉన్నాయి. అచ్చమ్మ కుర్చీ తెచ్చి వేసి పక్కకి తప్పుకుంది. నాంచారి మంచినీళ్ళు తెచ్చి ఇస్తూ కృపామణి మొహంలోకి చూడలేకపోయింది. కూతురు కేరింత కొట్టినప్పుడల్లా ఉలిక్కిపడి తోడికోడలి వంక చూస్తోంది.

వీరకుమారి లోపలినుంచి వచ్చి కుర్చీ ఎదురుగా నేలమీద కూర్చుంది. పాలు ఇంకిపోవటానికి గుడ్డ బిగించి కట్టుకుంది. మనిషి సగమైపోయింది.

"ఒక్కటే అడుగుతాను మేడంగారూ. ఆ చుక్క వెయ్యకపోతే నా బిడ్డ ఉండేవాడా?"

కృపామణికి చెప్పటానికి చాలా మాటలున్నాయి. వైరస్ బలమైంది. ఎదురుగాలి వచ్చింది. దేవుడి చిత్తం. రెండేళ్ళు పోతే పేగు మడత పడి ఉండేది. ఇవన్నీ పడవలో వస్తూ అనుకుంటూనే వచ్చింది. ఇవేవీ ఆ పిల్ల అడగలేదు.

"ఉండేవాడమ్మా" అంది.

నాంచారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అచ్చమ్మ ఒక్కసారిగా భోరుమంది. వీరకుమారి ఏడవలేదు. తిడుతుందేమో, మీద పడి కొడుతుందేమో అనుకుంది కృపామణి. కొడితే బాగుండునని కూడా అనుకుంది. ఆ పిల్ల కాసేపు నేలమీద గీతలు గీస్తూ కూర్చుంది.

"ఈ మాట రాశారా మీ కార్డులో?"

"లేదు."

"రాయండి. నేను చూస్తుండగా రాయండి."

కృపామణి సంచీలోంచి జయంత్ కార్డు తీసింది. గళ్ళన్నీ బొమ్మల నంబర్లకే ఉన్నాయి. మాట రాయటానికి ఎక్కడా చోటు లేదు. కార్డు పక్కకి తిప్పి, అంచున ఖాళీలో రాసింది: జయంత్, పదకొండు నెలలు దాటాయి. ఆరోగ్యంగా ఉన్నాడు. విరుగుడు చుక్క వెయ్యకపోతే బతికేవాడు. చుక్క వేసింది నేను. కింద సంతకం పెట్టి, తారీఖు వేసి, ఆ పిల్ల చేతికిచ్చింది.

వీరకుమారి అయిదో తరగతి దాకా చదివింది. అక్షరం అక్షరం మీద వేలు పెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ చదివింది. 'ఆరోగ్యంగా ఉన్నాడు' అన్నచోట వేలు ఆగిపోయింది. అక్కడే చాలాసేపు ఉంది. తర్వాత మిగతాది కూడా చివరిదాకా చదివి, కార్డు తిరిగి ఇచ్చేసింది.

"మావాడు బాగానే ఉండేవాడండీ" అంది, పైకి, అందరికీ వినపడేలా. "బొద్దుగా ఉండేవాడు. బాగా తినేవాడు. రాత్రిళ్ళు ఒక్కసారి కూడా లేచేవాడు కాదు. ఎవరికీ చెప్పలేదు నేను."

కృపామణి కార్డు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. చూసి చూసి వీరకుమారే లేచి, కుర్చీ పక్కన పెట్టిన ఆవిడ సంచీ తీసి చేతికందించింది.

"ఇంక మీరెళ్ళండి మేడంగారూ. మళ్ళీ వానొచ్చేలా ఉంది."